మోకాలి మీదికి వెళ్లిన డిఫెండర్

ఇవానో జాన్‌ఫోర్లిన్ వాల్‌సెక్క ఊరి ఫుట్‌బాల్ జట్టుకు పద్నాలుగేళ్లు డిఫెండర్‌గా ఆడాడు. ఆ పద్నాలుగేళ్లలో మైదానంలో అతను మాట్లాడిన మాటలన్నీ రాసినా ఒక కాగితం నిండదని ఊళ్లో అనుకునేవారు. వారమంతా చక్కెర ఫ్యాక్టరీలో బీట్ దుంపలు కడిగే చోట పని, ఆదివారం ఆట. అవతలి జట్టులో గోల్ కొట్టగలవాడు ఎవడో చూసుకుని, తొంభై నిమిషాలూ వాణ్ణి అంటిపెట్టుకుని తిరిగేవాడు. వాడు నీళ్లు తాగడానికి గీత దగ్గరికి వెళితే ఇవానో కూడా వెళ్లి పక్కన నిలబడేవాడు.

అతన్ని బాగా ఏడిపించింది కియోజ్జా జట్టు ఫార్వర్డ్ నెరెయో పెంజో. చేపలవాళ్ల కుటుంబం, నోటికి అదుపు లేదు. ఏడాదికి రెండుసార్లు ఇద్దరూ ఎదురుపడేవారు.

“ఏం ఇవానో, మీ ఆవిడ ఇవాళ కూడా ఆ మొక్కజొన్న సంకటి, పొలెంటానే పెట్టిందా? వెల్లుల్లి కాస్త తగ్గించమను, నీ ఊపిరంతా నా మెడ మీదే” అనేవాడు నెరెయో. బంతి దూరంగా ఉంటే ఇంకా రెచ్చిపోయేవాడు. “ఇంతలా అతుక్కోకురా బాబూ, మా ఆవిడ చూస్తే అపార్థం చేసుకుంటుంది!”

ఇవానో చెవులు ఎర్రబడేవి. నోరు మాత్రం మెదిపేవాడు కాదు.

ఎనభై నాలుగు మార్చిలో, వానలో, బురదలో, ఆట ఇంకో పది నిమిషాలు ఉందనగా నెరెయో అతన్ని దాటుకుని ముందుకు దూకాడు. ఇవానో వెనకనుంచి జారుతూ కాలు చాపాడు. కావాలనుకుంటే బంతి అందేది. కానీ అతను వెళ్లింది మోకాలి మీదికి. బురదలో జారాడనుకుని రెఫరీ హెచ్చరికగా ఒక పసుపు కార్డుతో సరిపెట్టాడు. స్ట్రెచర్ మీద పడుకున్న నెరెయో ఆ రోజు మొదటిసారి ఒక్క మాట కూడా అనలేదు.

ఆ మోకాలు మళ్లీ కుదురుకోలేదు. నెరెయో ఇరవై తొమ్మిదేళ్లకే ఆట మానేసి తన అన్నయ్య చేపల కొట్లో చేరాడు. అతను ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో చూడాలని ఇవానో ఒకసారి గేటు దాకా వెళ్లాడు. చేతిలోని నారింజల సంచి అక్కడి వాచ్‌మన్‌కి ఇచ్చేసి వెనక్కి వచ్చేశాడు.

తొంభైలో ఇవానో ఆట మానేశాడు. జట్టు అధ్యక్షుడు గ్వర్నియేరి, బీట్ దుంపల వ్యాపారి, అతన్నే కోచ్‌గా పెట్టాడు. ఆట ఇవానోకి తెలిసినంతగా ఊళ్లో ఎవరికీ తెలియదు. కానీ చెప్పడం రాదు. విరామంలో డ్రెస్సింగ్ రూమ్ నేల మీద సుద్దతో గీతలు గీసి, లేచి నిలబడి, అందరి మొహాలూ చూసేవాడు. ఆటగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. మొదటి ఏడు ఆటల్లో ఆరు ఓడారు.

అతని భార్య రోజెల్లాకి ఆడవాళ్ల క్షౌరశాల ఉంది. ఊరి మాటలన్నీ ముందు అక్కడికే వస్తాయి.

“జుట్టు కత్తిరించుకునే ప్రతి ఆడదీ నీ గురించే అడుగుతోంది, మీ ఆయన మూగవాడా అని. నీకు మాటలు రావు ఇవానో. వచ్చేవాణ్ణి తెచ్చుకో.”

“ఎవడున్నాడు?”

“ఎవడో నీకే తెలుసు. ఆరేళ్లుగా వాడి పేరెత్తితే నీకు ముద్ద దిగదు.”

ఆ గురువారం ఇవానో కియోజ్జా చేపల బజారుకు వెళ్లాడు. నెరెయో కుంటుతూ ఐసు ముక్కలు సర్దుతున్నాడు. తలెత్తి చూసి, బజారంతా వినబడేలా అరిచాడు. “అమ్మలారా, చూడండి! నా నీడ వచ్చింది! ఆరేళ్లు ఆలస్యం!”

“జట్టుకి నీ సాయం కావాలి” అన్నాడు ఇవానో.

“అంతేనా? ఇంకేమైనా చెప్పాలని వచ్చావా?”

ఇవానో నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. నెరెయో సంచి చాపాడు. “సరేలే. ముందు చేపలు కొను.”

ఇవానో మూడు కిలోల సార్డీన్లు మోసుకుని ఇంటికి వచ్చాడు. మంగళవారం సాయంత్రం జట్టు సాధన వేళకి నెరెయో మైదానానికి వచ్చాడు.

అప్పటినుంచి ఇవానో చెవిలో చెప్పడం, నెరెయో గట్టిగా చెప్పడం. “మిస్టర్ ఏమంటున్నారంటే, నీ ఎడమ కాలు మీ మామ్మది పట్టుకొచ్చావా అని అడుగుతున్నారు” అనేవాడు. మిస్టర్ అంటే కోచే. ఇవానో అన్నది ‘ఎడమ వైపు ఖాళీ’ అని మాత్రమే. ఆటగాళ్లు నవ్వేవారు, నవ్వుతూనే ఆ ఖాళీ పూడ్చేవారు. చలికాలం గడిచేసరికి జట్టు అట్టడుగు నుంచి లేచింది.

మే నెలలో ఆఖరి ఆట. సమంగా ముగిసినా చాలు, ఈ లీగ్‌లో ఉండిపోతారు; ఓడితే కింది లీగ్‌కి పడిపోతారు. ఆ రోజు అన్నయ్య పడవ ఇంజను చెడిపోయి నెరెయో రావడం ఆలస్యమైంది. అవతలి జట్టులో గాలిలా పరిగెత్తే ఫార్వర్డ్ ఒకడున్నాడు. వాణ్ణి కాచుకోవలసిన డిఫెండర్ డెనిస్ క్రెపాల్డి, ఇరవై నాలుగేళ్లవాడు, బూట్లు బిగించుకుంటూ అన్నాడు. “మీరు దిగులుపడకండి మిస్టర్. మొదటి పది నిమిషాల్లోనే వాడి కాలి సంగతి చూసేస్తా. పోతే ఒక పసుపు కార్డు.”

కొందరు నవ్వారు. ఇవానో సుద్ద ముక్క బల్ల మీద పెట్టాడు.

“నేను చూశాను ఒకసారి, కాలి సంగతి. నెరెయోది. జారి తగిలిందని అందరూ అనుకున్నారు. జారలేదు. బంతి అందేది నాకు, వదిలేశాను. ఆ ఆట గెలిచాం. ఎన్ని గోల్స్‌తో గెలిచామో ఇప్పుడు గుర్తులేదు. వాడు కుంటుతూ ఐసు మోయడం మాత్రం చూస్తున్నాను. అలా చేసేవాడెవడైనా ఉంటే ఇప్పుడే బట్టలు మార్చుకుని ఇంటికి వెళ్లండి. మనం పడిపోతే పడిపోదాం.”

డెనిస్ తల దించుకుని లేసులు విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

నెరెయో విరామానికి చేరాడు. గోల్స్ ఇంకా లేవు. డెనిస్ ఉండబట్టలేక అడిగేశాడు. “మిస్టర్ మిమ్మల్ని కావాలనే కొట్టారటగా?”

ఇవానో గోడవైపు తిరిగాడు. నెరెయో తడి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

“నాకు తెలియదనుకున్నావట్రా ఇవానో? పడుతున్నప్పుడు నీ కళ్లే చూశాను. బజారుకి వచ్చిన రోజైనా అంటావనుకున్నా. పన్నెండు మంది ముందు చెప్పావా, నాకు చెప్పకుండా?”

“క్షమించు” అన్నాడు ఇవానో.

“క్షమించానో లేదో తర్వాత చెప్తా. ఇప్పుడు ఆ కుడి వైపు చూడండి, తలుపు బార్లా తెరిచినట్టుంది!”

డెనిస్ శుభ్రంగా ఆడాడు. డెబ్బై ఎనిమిదో నిమిషంలో ఆ ఫార్వర్డ్ అతన్ని దాటాడు. చొక్కా పట్టి లాగితే ఆగేవాడు. డెనిస్ బంతి కోసమే కాలు చాపాడు. అందలేదు. గోల్ పడింది. వాల్‌సెక్క కింది లీగ్‌కి పోయింది.

గ్వర్నియేరి మెట్ల దగ్గర మండిపడ్డాడు. “నీ మంచితనం మమ్మల్ని ముంచింది!” క్షౌరశాలలో కూడా నెలరోజులు అదే మాట. కింది లీగ్‌కి ఏ కోచూ రానన్నాడు కాబట్టి ఇవానోనే కొనసాగించారు. రెండేళ్లకి జట్టు మళ్లీ పైకి వచ్చింది, డెనిస్ కెప్టెన్‌గా. ఇవానో మొత్తం పదకొండేళ్లు కోచ్‌గా ఉన్నాడు.

క్షమించిందీ లేనిదీ నెరెయో ఎప్పుడూ చెప్పలేదు. మంగళ, గురువారాల్లో రైలు దిగి, కుంటుతూ మైదానానికి వచ్చేవాడు. చలికాలంలో మోకాలు పట్టేస్తే, ఇవానో అడగకుండానే కారు తెచ్చి స్టేషన్ బయట ఆపేవాడు.