కోరుట్ల నుంచి సిరిసిల్లకు, రేసు బండి మీద బుగులుగా

జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా సిరిసిల్లకు బండి మీద వెళ్దామనుకుంటున్నాం, దారి ఎలా ఉంటుందని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఇప్పటి దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, హాయిగా వెళ్ళిరండి. నాకు మాత్రం ఆ దారి పేరు వినగానే అన్నల కాలంలో, అంటే నక్సలైట్లు తిరిగే రోజుల్లో, చేసిన ప్రయాణం గుర్తుకొస్తుంది. అంతకు రెండేళ్ళ ముందు హైదరాబాదు పొలిమేరల్లో ఒక మట్టి రేసులో పడ్డాను. మెడ కింద ఎముక విరిగింది, ఎడమ మోకాలు పక్కకు తిరిగింది, తల రాయికి తగిలి ఒక పూటంతా మనిషిని గుర్తుపట్టలేదట. కోలుకున్నాక బండి అమ్మేశాను. జగిత్యాలలో నాకో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. దానికీ ఇంటికీ మధ్య నడిచేవాణ్ణి, ఊరు దాటాలంటే బస్సే. దగ్గరలో ఎవరైనా బండి కిక్కు కొడితే అరచేతులు చెమటపట్టేవి. ఆ సంగతి నా భార్య పద్మకు ఒక్కదానికే తెలుసు.

నన్ను మళ్ళీ బండి ఎక్కించాలని పట్టుబట్టినవాళ్ళు ముగ్గురు. కోరుట్లలో మెకానిక్ షెడ్డు ఉన్న రాజేశం, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన గంగాధర్, సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపించే సత్యం. అందరం ఒకప్పుడు కలిసి మట్టిలో దొర్లినవాళ్ళమే. ఎండాకాలం మానేరు ఎండిపోయాక ఆ ఇసుకలో ఒక చిన్న రేసు పెడుతున్నాననీ, నేను రావాల్సిందేననీ సత్యం కబురు పంపాడు. ఈసారి వెనక్కి తగ్గితే ఇక జన్మలో బండి ముట్టనని నాకు తెలుసు. పద్మ ఒకటే మాట అంది. "పోతె పో. టోపి లేకుంట మాత్రం బండెక్కకు. నా మీద ఒట్టు." ఆమె టోపి అన్నది హెల్మెట్‌ను.

తెల్లవారగానే బయల్దేరే మొదటి బస్సు పట్టుకుంటే ఎండ ముదరకముందే కోరుట్లలో దిగొచ్చు. ఆ రోజూ అంతే. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను గాని బయట ఏముందో చూడలేదు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో చెరకు దించి వచ్చే లారీ ఒకటి ఎదురొస్తే దాని హారన్‌కే ఉలిక్కిపడ్డాను. కోరుట్ల బస్టాండు నుంచి రాజేశం షెడ్డు నడిచిపోయేంత దూరం. అక్కడ వాడూ గంగాధరూ ఒక బండికి గోనెసంచి కప్పి నిలబెట్టారు. గంగాధర్ సంచి లాగేసరికి నేను ఒక అడుగు వెనక్కి వేశాను. నేను అమ్మేసిన బండే అది. ఎవరి దగ్గరో పాతబడి మూలనుంటే కొని, ఇంజను విప్పి, ముందు ఫోర్కులు మార్చి, టాంకుకు రంగు వేయించారు.

"మాట్లాడవేందిర?" అన్నాడు రాజేశం.

"బుగులైతందిర," అన్నాను. బుగులంటే మా వైపు భయం.

"కావాలె మరి. బుగులు లేనోడు మొదటి మూలమల్పుకే వోతడు."

గంగాధర్ దుబాయి నుంచి తెచ్చిన హెల్మెట్ తీశాడు. మొహమంతా మూసే రకం, నల్ల అద్దం. మా వైపు అలాంటిది నేనెన్నడూ చూడలేదు. చేతిలోకి తీసుకోగానే రాజేశం నా మణికట్టు పట్టుకున్నాడు.

"గిది రేసుల పెట్టుకో. తొవ్వల పెట్టుకోకు. మొకం కనవడకుంట బండి మీద వచ్చెటోడు ఎవలు? మఫ్టీల ఉన్న పోలీసన్న కావాలె, అన్నల మనిషన్న కావాలె. ఎవడైనా ఊరోళ్ళు తలుపులు వెట్టుకుంటరు. ఎవలన్న ఆపితె 'అన్నా' అనకు, 'సారు' అనకు."

"మరేమనాలె?"

"ఏమనకు. అడిగిన దానికి జవాబు చెప్పు."

ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో బతికినవాళ్ళకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. దారిలో ఎదురైనవాళ్ళు మామూలు బట్టల్లో ఉన్న పోలీసులైతే, అన్నా అన్న పిలుపు విని వీడికి అన్నలతో పరిచయం ఉందనుకుంటారు. అన్నలే అయితే, సారూ అన్న పిలుపు విని వీడికి స్టేషన్లో రాకపోకలున్నాయనుకుంటారు. ఎటు జారినా దెబ్బే. మనిషిని ఏమని పిలవాలో తేలక నోరు మూసుకుని బతికిన ఊళ్ళు అవి.

పెట్రోలు నింపుకొని, నేను ముందు, గంగాధర్ వెనక, కథలాపూర్ దారి పట్టాం. రాజేశం స్పేర్ సామానుతో బస్సులో వస్తానన్నాడు. రెండేళ్ళ తర్వాత క్లచ్ మీద వేళ్ళు పడ్డాయి. రెండో గేరు దాటి వేయడానికి ధైర్యం చాలలేదు. సైకిలు మీద పాలవాడు మమ్మల్ని దాటిపోయాడు. గంగాధర్ వీపు మీద చరిచి, "గిట్ల వోతె పైయేటి రేసుకు అందుకుంటం," అన్నాడు. పద్మ ఒట్టు తలలో తిరుగుతూనే ఉంది. ఒక కంకర మలుపు దగ్గర బండి కొంచెం జారేసరికి ఇక నావల్ల కాలేదు. బండి ఆపి, గంగాధర్ వద్దంటున్నా వినకుండా హెల్మెట్ పెట్టుకున్నాను.

కథలాపూర్‌లో చాయ్ తాగుదామని ఆగితే, అప్పటిదాకా బెంచీల మీద కూర్చున్నవాళ్ళు గ్లాసులు అక్కడే పెట్టి లేచిపోయారు. కిరాణా కొట్టతను షట్టరు సగం దించాడు. హోటలు నడిపే పెద్దావిడ మాత్రం కదల్లేదు, పొయ్యి ముందు నిలబడి నన్నే చూస్తోంది.

"గా బుర్రకు పెట్టుకున్నది తియ్యి కొడుకా," అంది. "మొకం సూడనియ్యి."

తీశాను. నా మొహం ఎలా ఉందో గాని ఆమెకు నవ్వొచ్చింది. "అయ్యో, నువ్వే బుగులుపడ్డట్టున్నవ్. తాగు," అని రెండు గ్లాసులు పోసింది. లేచిపోయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఎవరూ మా ఊరు అడగలేదు, ఎక్కడికని అడగలేదు. ఆ మర్యాద కూడా ఆ రోజులు నేర్పిందే.

రుద్రంగి చేరేలోపు రెండు పక్కలా గుట్టలు, మోదుగ చెట్లు దగ్గర పడతాయి. ఇప్పుడు ఫొటోలకు బాగుంటుందని ఆగుతున్నారు. అప్పుడు అక్కడ మొత్తం దారి మీద మా బండి చప్పుడొక్కటే. మలుపులు వరసగా వస్తుంటే పడతానన్న భయం మళ్ళీ పట్టుకుంది. పడితే ఈసారి తల పగులుతుందన్న ఆలోచన వదలలేదు. పెద్దావిడ మాట మరిచిపోయి హెల్మెట్ మళ్ళీ తగిలించుకున్నాను. రెండు మలుపులు తిరిగానో లేదో, లుంగీలు కట్టుకున్న ఇద్దరు మనుషులు రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యెత్తారు. ఒకతని చంకలో తువ్వాల చుట్టిన పొడుగాటి వస్తువు ఉంది. అదేమిటో అడగాల్సిన పని లేదు.

బ్రేకు వేశాను. కాలు నేల మీద ఆనించాను. అతను ఏదో అడిగాడు, హెల్మెట్‌లో నాకు నా ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. గంగాధర్ వెనక నుంచి దాన్ని లాగేశాడు. చెవులు మండాయి.

"ఎవలు మీరు?"

అన్నా అనకూడదు, సారూ అనకూడదు. అంతవరకు గుర్తుంది. నోరు ఊరుకోలేదు. "బావా, మాది జగిత్యాల," అన్నాను.

గంగాధర్ నా చొక్కా వెనక నుంచి గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవలకు బావను?" అన్నాడతను.

"బుగులైతె ఇట్లనే మాట్లాడుతడు," అన్నాడు గంగాధర్. "సిరిసిల్లకు పోతున్నం. మోటర్‌సైకిల్ రేసుకు."

"రేసంటె ఏంది? ఏం జేస్తరు?"

"ఇసుకల చుట్లు తిరుగుతం," అన్నాను నేను.

"తిరిగి ఏడికి వస్తరు?"

"మొదలువెట్టిన కాడికే."

అతను పక్కవాడి వైపు చూశాడు. "గెలిస్తె ఏమిస్తరు?"

"స్టీలు బిందె."

పక్కవాడు మొహం అటు తిప్పుకున్నాడు. నవ్వాడో దగ్గాడో తెలియదు. మొదటి అతను నా హెల్మెట్ చేతిలోకి తీసుకొని, లోపలికి చూసి, గంగాధర్‌కు ఇచ్చాడు. "పోండ్రి. గిది పెట్టుకోకు. ఎనుకకు సూడకు."

వాళ్ళు ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. వెనక్కి చూడలేదు. వీపంతా కళ్ళున్నట్టు, ఆ కళ్ళన్నీ ఒక చప్పుడు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంది. చందుర్తి దాటేదాకా బండి ఆపలేదు. వేములవాడలో జనం కనబడ్డాక గంగాధర్ బండి దిగి, గోడ పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు. తిరిగొచ్చి, "దుబాయిల ఎండకు సచ్చిపోత అనుకున్న గని, బిందె కోసం సచ్చిపోత అనుకోలే," అన్నాడు. నవ్వుదామనుకున్నాను. ఏడుపొచ్చింది.

సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రాజేశం అప్పటికే సత్యం ఇంట్లో ఉన్నాడు. బయట గల్లీ అంతా సాంచెల టకటక. ఆ ఊళ్ళో మాట్లాడాలంటే ఎదుటివాడి చెవి దగ్గరికి పోవాలి. సత్యం తల్లి జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రేసు మొదలయ్యేటప్పుడు ఏ జెండా ఊపుతావని రాజేశం అడిగితే సత్యం తల అడ్డంగా ఊపాడు.

"ఎర్ర గుడ్డ ఊపితె పోలీసోళ్ళు ఊకుంటరా? పచ్చ గుడ్డ ఊపితె ఏదో పార్టిదని ఇంకొకలు ఏమన్న అంటరు. గవన్ని వద్దు. నేను వేరే సోంచాయించిన."

సాయంత్రం ఎండ తగ్గాక మానేరు ఇసుకలో ఏడెనిమిది బండ్లం వరసగా నిలబడ్డాం. షిఫ్టు దిగిన సాంచెల పనివాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు గట్టు పొడుగునా ఉన్నారు. బందోబస్తుకని ఇద్దరు పోలీసులు లాఠీలు పట్టుకొని నిలబడ్డారు. నాకు హెల్మెట్‌లో ఊపిరి ఆడటం లేదు. దిగిపోదామనుకున్నాను. రాజేశానికి చెప్పేద్దామని అటు తిరిగాను కూడా. సత్యం మా పక్కన వంగి ఏదో చేస్తున్నాడు. వాడు చేస్తున్నది దీపావళికి మిగిలిన, తాడు చుట్టిన సుతిలి బాంబు ముట్టించడం. పెద్ద రేసుల్లో తుపాకీ పేలుస్తారని ఎక్కడో విన్నాడట. తుపాకీ లేదు కాబట్టి బాంబు. సాంచెల చప్పుడులో పుట్టి పెరిగినవాడు, చప్పుడంటే వాడికి లెక్కేముంది? ఎవరికీ ముందు చెప్పలేదు.

బాంబు పేలింది.

నా చెయ్యి బిగుసుకుపోయింది, వేళ్ళు క్లచ్ వదిలేశాయి, బండి ఎగిరి ముందుకు దూకింది. వీపు మీద దెబ్బ తగిలేలోపు పారిపోవాలి, అంతే నాకు తెలిసింది. ఎన్ని గేర్లు మార్చానో తెలియదు. మొదటి మలుపులో ఇసుక వెనక చక్రాన్ని పక్కకు లాగింది, కాలు ఆనించి తిప్పాను. రెండో మలుపులోనూ తిప్పాను. అప్పుడు గాని పక్కన ఎవరూ లేరని గమనించలేదు. గట్టు వైపు చూస్తే ఒక్కరూ నిలబడి లేరు. అందరూ బోర్లా పడుకొని ఉన్నారు. రేసు బండ్లన్నీ పక్కకు పడి చక్రాలు తిరుగుతున్నాయి. బందోబస్తువాళ్ళు కూడా ఇసుకలో మొహం పెట్టి పడుకున్నారు. అందరూ చచ్చిపోయారని, నేనొక్కణ్ణే మిగిలానని అనుకున్నాను.

మొదలుపెట్టిన చోటికి వచ్చి ఆపేసరికి జనం ఒక్కొక్కరే లేస్తున్నారు, ఇసుక దులుపుకుంటున్నారు. కొందరు నవ్వుతున్నారు. ఒకావిడ కొడుకును గుండెకు అదుముకొని ఏడుస్తూనే ఉంది, బాంబని చెప్పినా వినడం లేదు. సత్యం మొహంలో రక్తం లేదు.

"తప్పైందిర. తప్పైంది," అంటూ అందరి దగ్గరికీ పోయి చేతులు పట్టుకున్నాడు.

రాజేశం నా దగ్గరికి వచ్చి బండి హ్యాండిల్ పట్టుకున్నాడు. "ఒక్క చుట్టు తిరిగొచ్చినవ్. తెలుసా నీకు?"

తెలియదు. అప్పుడే తెలిసింది.

సత్యం తన భుజం మీది తెల్ల తువ్వాల ఊపి రేసు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి నేను వెనక నుంచి రెండోవాణ్ణి. మలుపు మలుపుకీ భయం వేసింది, పడలేదు. బిందె ఎవరో మెట్‌పల్లి కుర్రవాడికి పోయింది. బండి రాజేశం తీసుకుపోయాడు, నేను మర్నాడు కరీంనగర్ మీదుగా, చుట్టుదారైనా సరే, బస్సులో ఇల్లు చేరాను.

మీలో ఆ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన. పొద్దున్నే కోరుట్ల దాటండి, రుద్రంగి మలుపుల్లో కంకర ఇప్పటికీ రోడ్డు మీదికి కొట్టుకొస్తుంది, అక్కడ వేగం తగ్గించండి. వానలు పడ్డాక మానేరు ఇసుకలోకి బండి దింపకండి. ఇప్పుడా దారిలో నాకు కొండలు కనిపిస్తాయి, చెట్లు కనిపిస్తాయి. ఆ రోజు అవేవీ చూడలేదు, అందుకే ఏటా ఒకసారి వెళ్ళి చూసొస్తుంటాను. రెండేళ్ళు నేను కూర్చున్నది భయం పోతుందని. అది పోలేదు, ఆ రోజు పోలేదు, తర్వాత పదేళ్ళు రేసుల్లో తిరిగినా పోలేదు.

ఇల్లు చేరిన రోజు దారిలో జరిగిందంతా పద్మకు చెప్పాను, ఒట్టు తప్పిన సంగతితో సహా. ఆమె చాలాసేపు నా మెడ కింద ఎముక మీద చెయ్యి పెట్టుకొని కూర్చుంది.

"మల్ల పోతవా?" అంది.

"మస్తు బుగులైతది పద్మా."

"బుగులు సంగతి నేనడుగలే. పోతవా అని అడిగిన."

"పోత," అన్నాను.