మెయిన్లు దించిన పిన్ని

ఆ మేడలో మూడు కాపురాలు. కరెంటు పోయిందంటే పిల్లలు ముందు పరుగెత్తేది మధ్య అంతస్తుకే. అక్కడ స్కూలు యూనిఫారాలు కుట్టే ఆవిడ పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఫ్యూజు పిన్ని.

పదేళ్ల కిందట ఆవిడ ఇంట్లో బల్బు భగ్గున వెలిగి, మిషను మోటారు కాలిపోయింది. వచ్చిన ఎలక్ట్రీషియను "న్యూట్రల్ పోయిందమ్మా" అని సంచి సర్దుకోబోతే గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పోతే పోయింది, అదేమిటో చెప్పి కదలండి బాబాయ్."

ఆయన నవ్వి కూర్చున్నాడు. "మూడు ఇళ్ళకీ కరెంటొచ్చే తీగలు వేరు, తిరిగెళ్ళే దారి ఒకటే. ఆ దారి తెగితే ఒకరింట్లో దీపం గుడ్డిగా, ఇంకొకరింట్లో పేలిపోయేలా వెలుగుతుంది. అప్పుడు ఆలోచించకు. మెయిన్ స్విచ్చి దించెయ్."

ఆ రోజు నుంచి కరెంటు పోతే పిన్ని అందరిలా ఉసూరుమనడం మానేసింది. ముందు కిటికీలోంచి ఎదురుగా ఉన్న మందుల షాపు చూస్తుంది. అక్కడా లేకపోతే వీధంతా పోయినట్టే. ఫ్రిజ్, మిషను స్విచ్చులు ఆపి ఎదురుచూస్తుంది. తనింట్లోనే పోతే ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, పడిపోయిన ట్రిప్పర్ని ఒక్కసారి ఎత్తుతుంది. మళ్ళీ పడిందా, ఇక ముట్టుకోదు. పనివాణ్ణి పిలుస్తుంది.

మొన్న గాలివాన వెలిసిన ఉదయం కాలరు కుడుతుండగా దీపం మసకబారింది. ఫ్యాను ఈడ్చుకుంటూ తిరుగుతోంది. అంతలో కిందింటి లెక్కల మాస్టారి గొంతు: "ఇవాళ లైట్లు ఎంత బాగా వెలుగుతున్నాయో! ఇన్నాళ్ళకి మంచి వోల్టేజి వచ్చింది!"

పిన్ని మిషను ఆపి లేచింది. చేతులు పొడిగా తుడుచుకుని, రబ్బరు చెప్పులు వేసుకుని, మెట్ల కింద మీటర్ల దగ్గరికి దిగి మూడు మెయిన్లూ టపటపా దించేసింది.

మాస్టారు ఒంటికాలి మీద లేచారు. "ఉన్న కరెంటు తీసేస్తావేంటమ్మా! టీవీలో వార్తలొస్తున్నాయి!"

"వార్తలు తర్వాత, ముందు టీవీ మిగలాలి కదా మాస్టారూ" అని కరెంటాఫీసుకి ఫోను చేసింది. "కరెంటు పోయిందని రాసుకోకండి. న్యూట్రల్ తెగిందేమో చూడమని రాయండి. మా ఇంట్లో మసక, కిందింట్లో మంట."

గంటలోపే లైన్‌మన్ వచ్చి స్తంభమెక్కాడు. గాలికి ఊడి వేలాడుతున్న తీగ చూపించి, బిగించి దిగాడు.

"మెయిన్లు ఆపిందెవరు సార్? ఇంకాస్సేపుంటే మీ టీవీ, ఫ్రిజ్ రెండూ పోయేవి."

మాస్టారు పిన్ని వైపు చెయ్యి చూపించారు. ఆయనకి నష్టం ఒక బల్బే.

ఆదివారం పిన్ని అందరినీ మీటర్ల దగ్గరికి పిలిచింది. ఎవరి మెయిన్ వాళ్ళే దించి, ఎత్తి చూపించాలంది.

"ఇదేం బ్రహ్మవిద్యా, నాకొచ్చులే" అంటూ మాస్టారు ముందుకొచ్చి ఒక మెయిన్ ఠక్కున దించారు.

పై అంతస్తు నుంచి కేక: "ఎవరండీ అది! ఒంటినిండా సబ్బుంది, నీళ్ళ మోటారాగిపోయింది!"

పిన్ని నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడింది. ఆ మధ్యాహ్నమే ఒక్కో మెయిన్ కింద ఇంటివాళ్ళ పేరు పెద్ద అక్షరాలతో రాసి అంటించింది. మాస్టారి పేరు మాత్రం ఎర్ర సిరాతో.