వాకిట్లో జారిన చక్రం

మా ఊరిని బొగ్గు తవ్వడానికి లేపేసినప్పుడు తలుపులు, కిటికీలు, పైకప్పు రేకులు ఎవరివి వాళ్లం పీక్కుని శ్రీరాంపూర్ దిక్కున కొత్త కాలనీకి వచ్చేశాం. గోడలు మాత్రం అక్కడే నిలబడి ఉండిపోయాయి. తవ్వకం మా వాడ దాకా రావడానికి ఇంకా రెండేళ్లు పట్టింది. ఆ మధ్యలో ఒక చలికాలం జరిగిన సంగతి ఇది.

నా పెనిమిటి పోయినప్పటి నుంచి నేను తమ్ముడి ఇంట్లోనే ఉంటున్నాను. బీడీలు చుడతాను. తమ్ముడు మోటార్‌సైకిళ్ల మెకానిక్కు. పాత ఊళ్లో షాపు రోడ్డు మీదే ఉండేది కాబట్టి పొద్దస్తమానం బండ్లు ఆగేవి. కొత్త కాలనీ ఓ మూలకు పడింది. అక్కడ షాపు తెరిచి కూర్చుంటే ఈగలు తప్ప ఎవరూ రాలేదు.

ఆ చుట్టుపక్కల బండ్లు ఉరికించే పోరగాళ్లు పదిమందికి పైగా ఉండేవారు. పగటిపూట ఎక్కడ ఉరికించినా తిట్లు పడతాయని, తెల్లవారుజామున మా ఖాళీ ఊరి రోడ్డు మీదికి చేరేవారు. మా తమ్ముడితో పాటు మంచిర్యాల దిక్కు మెకానిక్కు ఇంకొకడు వాళ్లకు బండ్లు బాగు చేసేవాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని మాటలు పెరిగి, చివరికి పోరగాళ్లు ఒక షరతు పెట్టారు. మెకానిక్కులు ఇద్దరూ తాము తయారు చేసిన బండ్ల మీద తామే ఎక్కి పందెం ఉరకాలి. గెలిచినవాడి దగ్గరికే ఇక అందరి బండ్లూ. రోడ్డు మీద తిరిగే మామూలు టైర్లే వాడాలి, వేరే టైర్లు పెట్టకూడదు. ఏడు కరెంటు స్తంభాల దూరం.

గెలిస్తే షాపు నిలుస్తుంది, లేకపోతే మూతే. ఇంట్లో తమ్ముడికి, మరదలికి, నాకు, ముగ్గురికీ ఈ సంగతి తెలుసు.

పందెం మొదలయ్యే గీత సరిగ్గా మా పాత ఇంటి ముందు స్తంభం దగ్గర పడింది. ఎవరు ఏ పక్క అని అడిగితే మా వాడు ఇంటి వైపే కోరుకున్నాడు.

"మన వాకిలే గదా అక్కా, కలిసొస్తది" అన్నాడు.

రోజూ పొద్దున నన్ను వెనక కూర్చోబెట్టుకుని పోయేవాడు. వెనక చక్రం ఏం చేస్తుందో ఎక్కినవాడికి కనబడదు కాబట్టి అది చూసి చెప్పడమే నా పని. మొదటి రోజే నాకు పాఠం చెప్పాడు.

"ఇంజన్ల బలం అందరికీ ఉంటది అక్కా. గా బలం రోడ్డుకు దిగాలె. గీ టైర్లు వానల ఎండల తిరిగేటందుకు చేసినయి. ఒక్కపారి గుంజితే ఉన్నకాడనే తిరుగుతయి. తిరిగినయా, కత ఖతం."

కుదురు లేకుండా మజ్జిగ చిలికితే కవ్వం బదులు కుండే తిరుగుతుంది గదా, అట్లాంటిదే అనుకున్నాను.

కొత్త టైరు పైన నున్నటి మెరుపు ఉంటే గరుకు కాగితంతో రుద్ది తీసేశాడు. గాలి కొంత వదిలేశాడు. "గాలి తగ్గితే టైరు కూసుంటది, కూసుంటే పట్టుకుంటది" అనేవాడు. గీత దగ్గరికి పోబోతూ ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టి, వెనక చక్రాన్ని పొగ వచ్చేదాకా ఒకచోటే తిప్పి వేడి చేసేవాడు. చెయ్యి పెట్టి చూడమంటే పెట్టాను. పొయ్యి మీంచి దించిన బెల్లం పాకంలా వేలికి అంటుకుంది. తర్వాత ట్యాంకు మీదికి వంగి, క్లచ్చు మెల్లగా, చాలా మెల్లగా వదిలేవాడు.

ఊరి చివరన మూడు సార్లు చేస్తే మూడు సార్లూ బండి బాణంలా పోయింది. మా ఇంటి ముందుకు వచ్చి చేస్తే చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగి, బండి వెనకభాగం పాములా పక్కకు జారింది.

"తిరిగిందా?"

"తిరిగింది రా."

"మంచు తడి గావచ్చు."

రెండో రోజు గోనెసంచి కూడా తెచ్చుకుని, కాళ్ల కింద నేల కనబడని మంచులోనే రోడ్డు తుడిచాడు. ఇంకాస్త గాలి తీశాడు. స్తంభానికి అవతలి పక్క నుంచి చేస్తే పట్టింది. ఇంటి పక్కకు వస్తే మళ్లీ జారింది. కాలు కింద పెట్టకపోతే పడేవాడే. పొగమంచులో మా ఇల్లు తలుపు లేని నోరు తెరుచుకుని మమ్మల్నే చూస్తున్నట్టు ఉంది. ఇంజన్ ఆపేసరికి ఊరంతా ఎంత నిశ్శబ్దమంటే, టైరు చల్లారుతూ చిటపటలాడే చప్పుడు కూడా వినబడింది.

మూడో రోజు మంచు కొంచెం పలచగా ఉంది. బండి దిగి నాలుగడుగులు వేశానో లేదో నా కాళ్లు ఆగిపోయాయి.

మా వాకిట్లో సాన్పి చల్లి ఉంది. వాకిలి నుంచి రోడ్డు మీద గీత దాకా పచ్చటి పెండనీళ్లు, ఇంకా తడి ఆరలేదు. దాని మీద ముగ్గు. అది మా అవ్వ ముగ్గు.

మమ్మల్ని కన్న మా అవ్వ ఊరు లేవడానికి ఒక నెల ముందు ఆ ఇంట్లోనే పోయింది. బతికినన్నాళ్లూ ఒకే ముగ్గు వేసేది. తామరపువ్వు వేసి, చివరి రేకు మూయకుండా ఇంటి వైపు తెరిచి వదిలేది. "మూస్తే లచ్చిమి ఎట్ల లోపలికొస్తది?" అనేది. ఈ ముగ్గు కూడా చివరి రేకు దగ్గర ఇంటి వైపు తెరిచే ఉంది.

తమ్ముడు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అక్కా, అవ్వనే గదా?"

"నోర్మూసుకో. పొద్దుగాల పొద్దుగాల ఏం మాటలు."

"మరి ఎవలేస్తరు? ఈడ మనిషున్నడా, పసురమున్నదా? పెండ యాడికెళ్లి వచ్చింది?"

ఆ రోజు చక్రం తిప్పనే లేదు. పోటీ ఎల్లుండే.

ఇంటికి వచ్చి మరదలు పెట్టిన చాయ్ తాగుతున్నాను. ఆమె మక్కపిండి తడిపి రొట్టె కొడుతోంది. చేతులు ఎంత కడిగినా గోళ్ల సందుల్లో పచ్చటి గీత ఒకటి ఉండిపోయింది. కొత్త కాలనీలో మా ముంగిలి సిమెంటుది. వచ్చినప్పటి నుంచి సాన్పి చల్లింది లేదు. పాల కోసమని మరదలు రోజూ చీకటితోనే బర్రెల వాళ్లింటికి పోయి వస్తుంది. నా చేతిలో చాయ్ చల్లబడిపోయింది.

తమ్ముడు షాపుకు పోయేదాకా ఆగాను.

"పిల్లా, నీ చెయ్యి ఇటు చూపెట్టు."

ఆమె చూపించలేదు. కొంగులో దాచుకుంది.

"వదినె, ఆయనకు చెప్పకు."

"పెనిమిటి పడిపోతే ఏం చేస్తుంటివి? పిచ్చి లేసిందా?"

"గీత కాడ పడితే మోకాలు కొట్టుకపోతది. ముంగటికి పోయి పడితే మనిషే పోతడు. మా అన్న ఎట్ల పోయిండో నీకు ఎరుకలేదా?"

ఎరుకే. పెద్దపల్లి రోడ్డు మీద బండితో లారీ కింద పడ్డాడు. శవాన్ని తెచ్చినప్పుడు మొఖం మీది గుడ్డ తీయనివ్వలేదు.

"ఉన్నకాడ తిరిగే చక్రం ఎవల్నీ సంపదు" అంది మరదలు.

"సాన్పి అంటే సాన్పి, మరి ముగ్గెందుకేసినవే? ముగ్గెయ్యకపోతే వాడు మంచే అనుకుంటుండె."

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. "రెండొద్దులు ఆపుకున్న. మూడో నాడు చేతులు ఊకోలే వదినె. సాన్పి చల్లి ముగ్గెయ్యకుండ ఎట్ల రావాలె? వాకిలి బోసిగ ఏడుస్తున్నట్టుండె. అత్తమ్మ నేర్పిన ముగ్గే వచ్చె."

నాకూ నవ్వొచ్చింది. వెంటనే భయమూ వేసింది. షాపు పోతే తినేదేంటి అని అడిగాను. నీ ఇష్టం వదినె, నేను ఇక పోను, నువ్వెట్లంటే అట్లా అంది. భారం తెచ్చి నా నెత్తిన పెట్టింది.

పోటీకి ముందు రాత్రి తమ్ముడితో, నేను ముందుగా పోయి గీత దగ్గర కడిగి, ఊడ్చి, ఆరబెట్టి ఉంచుతానని చెప్పాను. నిజంగానే అట్లా చేద్దామనుకున్నాను. వాడి మొఖం వెలిగింది. "నువ్వుంటే నాకు ఫికర్ లేదక్కా" అన్నాడు.

కోడి కూయకముందే లేచి పెరట్లోకి పోయేసరికి రెండు బకెట్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో తేట నీళ్లు. రెండోదాంట్లో పెండ కలిపిన నీళ్లు, దాని పక్కనే ముగ్గుపిండి పొట్లం. మరదలు లోపల గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోలేదని వీపు చూస్తేనే తెలుస్తోంది. నేను చీపురు చంకలో పెట్టుకుని తేట నీళ్ల బకెట్ ఎత్తుకున్నాను. వీధి మలుపు దాకా పోయాను. వెనక్కి తిరిగి వచ్చాను.

పాత ఊళ్లోకి అడుగు పెట్టేసరికి మంచు నా మోకాళ్ల దాకా పారుతున్నట్టుంది. వాకిలి ఊడ్చడం మొదలుపెట్టాను. నేను ఒకసారి చీపురు వేస్తే, ఒక క్షణం ఆగి, ఇంటి లోపల ఇంకొక చీపురు చప్పుడు. నేను ఆపితే అదీ ఆగుతుంది. తలుపుల్లేని ఖాళీ గదులు మోగుతాయని తెలుసు. తెలిసినా లోపలికి చూడలేకపోయాను. తల వంచుకునే సాన్పి చల్లాను.

ముగ్గు సంగతి రాయాలంటే ఇప్పుడు కూడా చెయ్యి ఆగుతుంది. నాకు ముగ్గు రాదు. పెళ్లికి ముందు అవ్వ ఎంత నేర్పినా, వేసిన ప్రతిదీ వంకర పోయి తిట్లు తినేదాన్ని. ఆ తామరపువ్వు ఒక్కసారి కూడా కుదరలేదు. ఆ పొద్దు పిండి పట్టుకుని వంగాను, అంతే. చెయ్యి ఆగకుండా పోయింది. చివరి రేకు దగ్గర తనంతట తానే ఆగింది. చివరి రోజుల్లో నీరు వచ్చి వాచిన అవ్వ చేతిలా నా వేళ్లు బరువుగా ఉన్నాయి. కాసేపటి దాకా అవి నావి అనిపించలేదు.

లైట్లు కనబడ్డాయి. తమ్ముడు ముందు, రెండో మెకానిక్కు పక్కన, వెనక పోరగాళ్లు. తమ్ముడు గీతకు పది అడుగుల దూరంలోనే ఇంజన్ ఆపేశాడు.

"అక్కా?"

"నేనొచ్చేసరికే ఉన్నది" అన్నాను. జీవితంలో వాడితో నేనాడిన పెద్ద అబద్ధం అదే.

రెండో మెకానిక్కు నవ్వాడు. "ఏందన్నా, పెండ్లి పెట్టుకున్నవా ఈడ? ఎక్కు ఎక్కు, పొద్దెక్కుతుంది."

తమ్ముడు బండి దిగి ముగ్గు అంచున కూర్చున్నాడు. చిటికెడు పిండి తీసి నుదుటికి రాసుకున్నాడు. లేచి ఎవరి మొఖమూ చూడకుండా బండి వెనక్కి తిప్పాడు.

"వద్దంటుంది రా" అన్నాడు.

"ఎవలు?" అన్నాడు రెండో మెకానిక్కు.

తమ్ముడు మా ఇంటి వైపు తిరిగి దండం పెట్టాడు. పోరగాళ్లు ఎవరూ నవ్వలేదు. వాళ్లలో ఒకడు చెప్పులు విప్పి నిలబడ్డాడు. రెండో మెకానిక్కు ఒక్కడే ఏడు స్తంభాలూ ఉరికించి వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు మా వాకిలి పక్కనుంచి కాకుండా దూరంగా చుట్టు తిరిగి వచ్చాడు.

ఆ ఎండాకాలానికి షాపు మూసేశాం. తమ్ముడు ఇప్పుడు ట్రాక్టర్ల షెడ్డులో ఒకరి కింద పని చేస్తున్నాడు. తనకంటే చిన్నవాడు "ఏయ్, పానా తే" అంటే తెచ్చి ఇస్తాడు. నేను అన్నం పట్టుకుపోయినప్పుడు ఆ మాట నా చెవులతో విన్నాను. మరదలూ నేనూ ఈ ముచ్చట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

పోయిన ఏడాది తమ్ముడే ఎత్తాడు. తిని చెయ్యి కడుక్కుంటూ, "అక్కా, గా పొద్దు అవ్వకు నా మీద కోపమొచ్చిందంటవా?" అన్నాడు.

"కోపం కాదు రా. భయం" అన్నాను.

వాడు తువ్వాలతో చెయ్యి తుడుచుకుంటూ తలూపాడు. ఎవరి భయం అని అడగలేదు. అడిగితే ఆ రోజు చెప్పేసేదాన్ని.