పెద్దబాపు వావిలి గెట్టు

మా పుట్టింటి ఊరు కట్టంగూరు నుంచి వచ్చిన మనిషి మా పెద్దబాపు పోయాడని చెబితే, "నువ్వు కండ్లార చూసినవా?" అని గద్దించాను. మా ఇంటి రక్తమే అంత, చావు కబురునైనా ఊరికే నమ్మం. అతను తల వంచుకున్నాక ఏడ్చాను.

ఆయన మా బాపుకు సొంత అన్న. ఇద్దరి చేన్లకూ నడుమ గెట్టు ఒక్కటే. దాని పొడుగునా పెద్దబాపు తన వైపు వావిలి నాటాడు. గంపలల్లేవాళ్లకు ఏటా సగం వరుసే కోసి ఇచ్చేవాడు.

"అంత ఒక్కపారే కోస్తే పిట్టలు యాడికి పోవాలె బిడ్డా?" అనేవాడు.

బాపు నమ్మితేగా! "పిట్టల కోసం ఎవడన్న చెట్లు పెడ్తడా? నా జాగలకు జరుగుతుండు" అని రోజూ పొద్దున్నే గెట్టు కొలిచేవాడు. వావిలి పూస్తే తేనెటీగలు ముసిరేవి. కింద కౌజు పిట్టలు, ముంగిసలు తిరిగేవి. "పాములకు ఇల్లు కట్టిండు" అని దానికీ గొణుగుడే. నా పురుటి స్నానానికి పెద్దబాపు వావిలాకు మోసుకొస్తే, అమ్మ వాసన చూసి గానీ నీళ్లలో వేయలేదు.

ఒక ఏడు ఆముదం చేన్లకు గొంగళి పురుగు పట్టింది. మా చేనులో చాలామటుకు ఆకుల ఈనెలే మిగిలాయి, గెట్టు వెంట సన్నగా ఉన్న పెద్దబాపు చేను మాత్రం పచ్చగా ఉంది. ఇంకేముంది! "బాణామతి చేసి పురుగును నా మీదికి తోలిండు" అని బాపు నలుగురిలో అరిచాడు.

పెద్దబాపు ఆయన చెయ్యి పట్టుకుని గెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. వావిలి మీంచి గోరింకలు దిగి రెండు వైపులా పురుగులు ఏరుతున్నాయి. గెట్టు వెంట మా సాళ్లూ పచ్చగానే ఉన్నాయి.

"గోరింకలకు గెట్టు ఎరుకనారా తమ్మీ?" అన్నాడు. ఆ నింద మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. అంత మంచితనం మా ఇంట్లో ఎట్లా పుట్టిందో!

దినాలు అయిన మర్నాడు పెద్దబాపు కొడుకు వావిలి కొట్టేసి పల్లికాయ వేస్తానని గొడ్డలితో వచ్చాడు. బాపు అడ్డం నిలబడ్డాడు.

"మా నాయిన చెట్లు చిన్నబాపు. నీకేంది?"

"ఎవని చెట్లురా? గెట్టు జరిగింది. గివన్ని నా జాగల ఉన్నయి. ముట్టుకుంటే పంచాయితీ పెడ్త."

రోజూ కొలిచిన మనిషికి అది జానెడైనా జరగలేదని తెలియదా! అన్న నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు చెల్లె, నిజంగ జరిగిందా?"

"జరిగిందన్నా" అన్నాను.

అతను గొడ్డలి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. బాపు వావిలి మొదట్లో కూలబడి, "అన్నా" అని ఒక్కటే ఏడుపు. పక్కనే గోరింకలు పురుగులు ఏరుకుంటున్నాయి.