మాటిమాటికీ ఆగిపోయిన ఫోను

మా అక్కకూ బావకూ కలిపి ఒకటే ఫోను. బావకు విడిగా ఇంకొకటి ఉండేది కానీ, టౌన్ బస్సులో ఎవరో జేబులోంచి కొట్టేశారు. ఆ తర్వాత ఆయనకు జాగ్రత్త ఎక్కువై అక్క ఫోనులోని సిమ్ముకు కూడా పిన్ పెట్టించాడు. ఫోను ఆగి మళ్ళీ వెలిగిన ప్రతిసారీ ఆ అంకెలు నొక్కాలి. నొక్కేదాకా ఎవరు చేసినా మోగదు.

ఆ ఫోను ఒకరోజు ఉన్నట్టుండి తనంతట తానే ఆగిపోయి మళ్ళీ వెలగడం మొదలుపెట్టింది.

వాళ్ళు ఈ తమిళ ఊళ్ళోని నెల్లితోపు పేటలో కింది వాటాలో ఉంటారు, నేను పై వాటాలో. మేట్టుపాళయంలోని ఒక గోడౌనులో నా ఉద్యోగం. పగలంతా కంప్యూటరు ముందు కూర్చుంటాను కాబట్టి ఇంట్లో ఏది మొరాయించినా నన్నే పిలుస్తారు. ఆ సాయంత్రం బావ ఫోను పట్టుకుని మెట్ల కిందే నిలబడి ఉన్నాడు.

"చూడు పాపా, ఇది చచ్చి చచ్చి బతకతా ఉండాది" అన్నాడు.

మామూలు రోజుల్లో అయితే పెద్ద విషయం కాదు. కానీ ఆయన పిత్తాశయంలో రాళ్ళున్నాయి. ఏదైనా నూనె వస్తువు తింటే చాలు, కడుపు పట్టుకుని వంగిపోయేవాడు. గోరిమేడు దగ్గరున్న పెద్దాసుపత్రిలో చూపించాం. ఆపరేషన్ చేయాలన్నారు, మంచం ఖాళీ అవగానే పిలుస్తామని అక్క నంబరు తీసుకున్నారు. అక్క మార్కెట్టు దగ్గర ఒక టైలరింగ్ కొట్లో పనిచేస్తుంది. ఆ పిలుపు ఎప్పుడొస్తుందోనని ఫోను ఇంట్లో బావ దగ్గరే వదిలి వెళ్ళేది.

నాకు తెలిసినవన్నీ చేశాను. కొత్తగా చేరిన యాప్‌లు తీసేశాను. నిండిపోయిన ఫొటోలను వేరే చోటికి మార్చి జాగా చేశాను. అప్‌డేట్ వేశాను. మెమరీ కార్డు తీసి పక్కన పెట్టాను. వెనక నుంచి చూస్తే బ్యాటరీ ఉబ్బినట్టు లేదు, ముట్టుకుంటే వేడిగా కూడా లేదు. అయినా అది ఆగుతూనే ఉంది. అన్నీ చెరిపేసి మొదటికి తేవడం ఒక్కటే మిగిలింది. దానికి అక్క ఒప్పుకోలేదు.

"ఏమే, వాళ్ళు పిలిచేటప్పటికి ఇది నిద్రపోతా ఉంటే ఎట్లనే?" అనేది రోజూ.

"ఒకసారి మనమే పోయి అడిగొద్దాం బావా" అన్నాను.

"వాళ్ళే పిలస్తామన్నారు కదా. ఊరికే పోయి తొందర చేస్తే బాగుంటుందా?" అన్నాడు. ఆయన మొహమాటం మాకు కొత్త కాదు కనుక వదిలేశాం.

అసలు సంగతి అనుకోకుండా బయటపడింది. కార్డు పెట్టే చోట దుమ్ము తుడుద్దామని ఒక ఆదివారం ఫోను పైకి తెచ్చుకుని, దాని రబ్బరు కవరు ఊడదీశాను. తుడిచాక కవరు వెయ్యడం మరిచిపోయాను. ఆ పూటంతా ఫోను ఒక్కసారి కూడా ఆగలేదు. సాయంత్రం కవరు వేశానో లేదో, తెర నల్లబడింది. కింద పడినా పగలకూడదని బావ ఆ మధ్యే రోడ్డు పక్క కొన్న మందపాటి కవరు అది. కొలత కాస్త తక్కువై, పక్కనున్న పవర్ బటన్‌ను ఉండుండి నొక్కి పట్టేది. ఆ బటన్ ఎక్కువసేపు నొక్కితే ఫోను ఆగి మళ్ళీ మొదలవుతుంది. అంతే.

కవరు తీసి అక్క చేతికిచ్చాను. ఆమె దాన్ని వంటింటి అలమరలో పడేసింది. బావ "ఓహో, ఇదా" అన్నాడు. నేను ఎదురుచూసినంత సంతోషం ఆయన ముఖంలో కనిపించలేదు. మిల్లులో మిషన్ల మధ్య పనిచేసిన మనిషి కాబట్టి, తాను కనిపెట్టలేకపోయానని చిన్నబోయాడేమో అనుకున్నాను.

కొన్నాళ్ళకు అక్క మళ్ళీ చెప్పింది, మధ్యాహ్నం కొట్టు నుంచి ఫోను చేస్తే కలవడం లేదని. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే అది పిన్ అడుగుతూ కూర్చుని ఉంటోందట. నా పక్కనున్నప్పుడు మాత్రం అది ఆగేదే కాదు. ఇక కొత్తది కొనాల్సిందే అనుకున్నాం.

గోడౌనుకు సెలవు వచ్చిన ఒక రోజు మధ్యాహ్నం పెరుగు కోసం కిందికి దిగాను. బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఫోను ఉంది. దానికి ఆ రబ్బరు కవరు తొడిగి ఉంది.

నేను కవరు వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు.

"ఏంది బావా ఇది?"

ఆయన ఫోను తన వైపు లాక్కున్నాడు. తర్వాత, "మొదట్లో అది నిజంగానే చెడిపోయింది పాపా. నువ్వు బాగుచేసినాక నేనే..." అని ఆగాడు.

"ఆపరేషన్ అంటే బయమా?"

"కోస్తే కోసుకోనీ, దానికి బయం లేదు. మత్తు ఇచ్చి పండబెడతారంట. అప్పుడు నేను యాడ ఉంటాను?"

ఈ మనిషి బస్సులో కూడా కన్ను మూయడు. ఎంత దూరమైనా డ్రైవరు వెనక సీట్లో కూర్చుని రోడ్డు చూస్తూ వస్తాడు. అందరం నిద్రలేచాక ఏ ఊళ్ళు దాటామో వరసగా చెబుతాడు. మేం దాన్ని తమాషాగా తీసుకునేవాళ్ళం.

"అక్కతో చెప్పను. నువ్వే ఇప్పుడు వాళ్ళకు ఫోను చేసి అడుగు" అన్నాను.

కవరు తనే తీశాడు. ఆసుపత్రికి ఫోను చేసి తమిళంలో మెల్లగా తన పేరు చెప్పాడు. అవతలి ఆమె, ఇదివరకే పిలిచామనీ, ఫోను కలవక ఆ మంచం వేరేవారికి ఇచ్చామనీ చెప్పింది. వచ్చే వారం రమ్మంది. పెట్టేయబోతూ, మత్తు ఇచ్చే డాక్టరుతో ముందుగా మాట్లాడవచ్చా అని అడిగాడు. మాట్లాడవచ్చు అంది.

ఆ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఆయన అడిగిందంతా నవ్వకుండా విన్నది. మత్తులో ఉన్నంతసేపూ తాను తల దగ్గరే కూర్చుని ఉంటానని, కదలనని చెప్పింది. ఆయన మళ్ళీ మళ్ళీ అదే అడిగాడు. ఆమె మళ్ళీ మళ్ళీ అదే చెప్పింది.

ఆపరేషన్ బాగా జరిగింది. వార్డులోకి తెచ్చాక పూర్తిగా తెలివి వచ్చేసరికి సాయంత్రమైంది. "ఏమీ తెలియలా" అన్నాడు, ఎవరో తనను మోసం చేసినట్టు. కాసేపటికి అక్కను దగ్గరకు పిలిచి కవరు సంగతి తనే చెప్పేశాడు.

అక్క విన్నది. మంచం అంచున కూర్చున్నది కాస్తా లేచి నిలబడింది.

"నెలంతా నేను దేవుళ్ళకి మొక్కతా ఉంటే, నువ్వు ఈ పని చేస్తా ఉంటివా? నన్ను పిచ్చిదాన్ని చేస్తివే!"

పక్క మంచాల వాళ్ళు తిరిగి చూశారు. ఆమె కొంగు సర్దుకుని బయటికి వెళ్ళిపోయింది. బావ తలుపు వైపే చూస్తూ ఉన్నాడు. వెళ్ళి పిలుచుకు రమ్మని నాకు సైగ చేశాడు. నేను లేవలేదు.

కొంతసేపటికి రెండు కప్పుల టీతో తిరిగి వచ్చింది. ఒకటి నా చేతికిచ్చి, రెండోది తాను తాగుతూ కూర్చుంది. బావకు ఆ రోజు నోట్లో ఏమీ వెయ్యకూడదన్నారు.