బొబ్బిలి దారిలో దాహం

ఎర్రన్న సామాన్ల ఆటోలో చేపల బుట్టల మధ్య కూర్చుని బొబ్బిలి దాకా వెళ్ళి రావడమంటే ఏమిటో, వెళ్ళొచ్చిన వాళ్ళకే తెలుస్తుంది. ఎచ్చెర్ల అవతల సముద్రపు ఒడ్డున ఉన్న పల్లెలో తెల్లారగట్ల బయల్దేరిన బండి చిలకపాలెం దాటి, రాజాం మీదుగా, దారిలో ఒక్క గొయ్యిని కూడా చిన్నబుచ్చకుండా అన్నింటినీ పలకరించుకుంటూ పోతుంది. పైనుంచి ఎండ, కిందనుంచి బుట్టల్లోని ఐసు కరిగిన తడి, నడుం కింద ఇనుపరేకు. అలాంటి బండిలో కూడా హాయిగా నిద్రపోగలిగిన మనిషి ఒకతే ఉండేది. ఆమె పేరు కూర్మమ్మ.

ఆ నిద్ర గురించి తోటి ఆడవాళ్ళు అదేదో విద్యలాగా చెప్పుకునేవారు. గోనెసంచి మడిచి కింద వేసుకుని, పక్క మనిషి వీపుకి తన వీపు ఆనించి, మోకాళ్ళ మీద తల పెట్టి, బండి హైవే ఎక్కేలోగా గుర్రు పెట్టేది. మెలకువగా ఉన్నంతసేపూ అడ్డచుట్ట కాల్చేది. నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు దాన్ని. ఎంత గాలి కొట్టినా ఆరదు, ఆకలీ తెలియనివ్వదు. కొత్తగా బేరానికి వచ్చిన పిల్ల ఎవరైనా కడుపులో తిప్పుతోందంటే అల్లం ముక్క ఇచ్చి దవడన పెట్టుకోమనేది. నడుం పట్టేసిందంటే కొంగుముడి విప్పి నొప్పిబిళ్ళ తీసి ఇచ్చేది. తనైతే రోజూ వేసుకునేది, అదీ నీళ్ళు లేకుండా, ఉమ్మితో మింగేసేది.

“ఓలమ్మ, గుక్కెడు నీల్లు తాగొచ్చు కదే!” అని ఎవరైనా అంటే నవ్వేసేది.

“తాగితే ఎక్కడికెల్తానే? బొబ్బిల్లో నీకూ నాకూ సముద్రపొడ్డున్నాదేటి?”

బండి బండంతా నవ్వేది. నిజానికి అందులో నవ్వాల్సిందేమీ లేదు. పల్లెలో ఆడవాళ్ళకి సరుగుడు తోటల చాటుంది, ఇసుకదిబ్బల చాటుంది, ఈమధ్య ఇళ్ళ వెనక మరుగుదొడ్లు కూడా కట్టారు. బొబ్బిలి వీధుల్లో నెత్తిన బుట్ట పెట్టుకుని తిరిగే మనిషికి ఏముంది? మగవాడు ఏ గోడవారనైనా నిలబడిపోతాడు, ఎవరూ తల తిప్పి చూడరు. పొద్దుటి నుంచి పొద్దువాలేదాకా ఊరంతా తిరిగే ఆడమనిషికి కూడా ఒక ఒళ్ళు ఉంటుందని, దానికీ కొన్ని అవసరాలుంటాయని, మనకి బజార్లు కట్టించిన పెద్దమనుషుల్లో ఒక్కడికీ తట్టలేదు. తట్టినా సిగ్గేసి ఊరుకున్నారేమో. వాళ్ళ సిగ్గుకి ఇంకెవరో తమ ఒళ్ళు గుల్ల చేసుకోవాల్సి వచ్చింది.

మొదట్లో కూర్మమ్మ కూడా అందరిలాగే నీళ్ళు తాగేది. కోట అవతలి వీధిలో ధనలక్ష్మి అని ఆమెకి వాడుక మనిషి ఒకామె ఉంది. బియ్యం వ్యాపారం చేసేవాళ్ళ ఇంటి కోడలు. కూర్మమ్మ గొంతు వినబడగానే వీధి అరుగు మీదికి వచ్చేది, చేపలు కొనేది, గీచి గీచి బేరమాడేది కాదు. కూర్మమ్మ కొడుకు భాస్కర్ ఏం చదువుతున్నాడని అడిగేది. దసరాకి పాతచీర ఇచ్చేది. మంచి మనిషి, అందులో అబద్ధం లేదు.

ఒక వేసవిలో, ఎండకి తాళలేక దారిలో చెంబెడు మజ్జిగ తాగిన పాపానికి, ఆ అరుగు దగ్గరికి వచ్చేసరికి కూర్మమ్మ ప్రాణం ఉగ్గబట్టుకుని నిలబడాల్సి వచ్చింది. సిగ్గు చంపుకుని అడిగింది. “అమ్మా, ఒక్కపాలి దొడ్లోకెల్లొస్తాను.”

ధనలక్ష్మి ఆమె చీర కుచ్చెళ్ళ నుంచి కారుతున్న చేపనీళ్ళ వంక చూసింది. “మా బాత్రూంలో కుళాయి పాడైపోయింది కూర్మమ్మా, చుక్క రావడం లేదు” అంది. ఆమె అలా అంటూ ఉండగానే లోపల ఎవరో బకెట్టు నింపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు ఇద్దరూ విన్నారు. ధనలక్ష్మి తలుపు దగ్గరగా వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కూర్మమ్మ వీధి చివరి దాకా కూడా వెళ్ళలేకపోయింది. నలుగురూ తిరిగే చోట, పట్టపగలు, ఒళ్ళు ఆమె మాట వినలేదు. ఏం చేస్తుంది? కాలు తడబడినట్టుగా నెత్తి మీది బుట్ట ఒంటి మీదికి ఒంపేసుకుంది. ఐసు నీళ్ళూ చేపలూ నిలువునా జారి పడ్డాయి. చూసినవాళ్ళు అయ్యో పాపమని చేపలు ఏరిపెట్టారు. ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. తడిసింది ఎందుకో ఎవరికీ తెలియలేదు, అయినా ఆమెకి తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత బొబ్బిలి వెళ్ళిన ఏ రోజూ ఇల్లు చేరేదాకా కూర్మమ్మ నీటి చుక్క ముట్టలేదు. జరిగింది ఎవరికీ చెప్పలేదు. ధనలక్ష్మి గుమ్మం మానలేదు కూడా. మంచి బేరం వచ్చే గుమ్మం మానేసేంత రోషం పేదవాళ్ళకి ఎక్కడ చెల్లుతుంది? నోరు పిడచకట్టుకుపోయినప్పుడల్లా ఒక మాట తనకి తనే చెప్పుకునేది: బుట్ట దించేసిన నాడు ఇంటి చూరు కింద కాళ్ళు చాపుకుని కూర్చుని, కుండ పక్కన పెట్టుకుని, విసుగొచ్చేదాకా నీళ్ళు తాగుతాను.

ఏళ్ళు గడిచాయి. జ్వరాలు వచ్చేవి, మూత్రం మంట పుట్టేది. బార్లీ కాచుకుని తాగి మళ్ళీ బండెక్కేది. కాళ్ళు పొంగితే నిలబడి తిరగడం వల్లనేమో అనుకుంది. మొహం పొంగితే నిద్ర చాలడం లేదేమో అనుకుంది. ఒకనాడు రాజాం దగ్గర ఎర్రన్న బండి ఆపి లేపితే లేవలేదు. అటునుంచి అటే శ్రీకాకుళం ఆసుపత్రికి పట్టుకెళ్ళారు.

రెండు కిడ్నీలూ పోయాయని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. నీళ్ళు తాగకపోవడం, బిగబట్టుకోవడం, మూత్రంలో చీము పడుతున్నా చూపించుకోకపోవడం, వాటికి తోడు వట్టి కడుపున మింగిన నొప్పిబిళ్ళలు. ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు అంది. ఇక మెషీను మీద రక్తం శుభ్రం చేయించుకుంటూ ఉండాలి. నీళ్ళు మటుకు కొలిచి ఇచ్చినన్నే తాగాలి, దాహమేసినా సరే, అంతకు మించితే ఊపిరితిత్తుల్లోకి చేరి ప్రాణం తీస్తాయి.

కూర్మమ్మ అప్పుడు ఏడవలేదు. ఇంటికొచ్చాక, చూరు కింద కూర్చుని, కోడలు హేమ ఇచ్చిన చిన్న గ్లాసులో నీళ్ళు చూసి ఏడ్చింది. కుండ ఎదురుగానే ఉంది. చేత్తో అందుకునేంత దూరంలో ఉంది.

భాస్కర్ వేటకని గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద ఉన్నాడు. ఇల్లు నడవాలంటే బుట్ట ఎవరో ఒకరు ఎత్తుకోక తప్పదు. హేమ ఎత్తుకుంది. ఒక సాయంత్రం ఆ పిల్ల బండి దిగి రావడం కూర్మమ్మ చూసింది. పెదాలు పగిలి ఉన్నాయి. గుమ్మంలోనే చెంబెత్తి గటగటా తాగి, పొత్తికడుపు చేత్తో పట్టుకుని గోడకి చేరబడింది. కొంగుముడిలో నొప్పిబిళ్ళ అట్ట కనిపిస్తోంది.

“ఏటే, పొద్దుట్నించి నీల్లు తాగనేదేటి?”

“ఒక్క సుక్క ముట్టనేదత్తా. నువ్వు సెప్పినట్టే సేస్తన్నాను” అంది హేమ, గొప్పగానే.

బొబ్బిలిలో తిరగడమెలాగో కోడలికి కూర్మమ్మ తనే నేర్పింది. ఒంటికి విషం ఎలా పెట్టుకోవాలో కూడా ఆ చేత్తోనే నేర్పింది. ఇకనుంచి తాగమని తిట్టింది, బతిమాలింది. హేమ తల దించుకుని, “తాగితే ఎక్కడికెల్తానత్తా, నువ్వే సెప్పు” అంది.

మెషీను పెట్టించుకున్న మర్నాడు ఒళ్ళు కాస్త తేలిగ్గా ఉంటుంది. అలాంటి ఒక పొద్దున్న కోడలి వెనకే వచ్చి బండి దగ్గర నిలబడింది.

“ఈ ఒంటితోటి ఎక్కడికే పిన్నీ?” అన్నాడు ఎర్రన్న.

“బొబ్బిలి. పనున్నాది, పోనీ” అని ముందు సీట్లో అతని పక్కన కూర్చుంది. దారిలో ఈసారి ఆమెకి నిద్ర రాలేదు.

ధనలక్ష్మి ఆమెని చూసి అరుగు దిగి వచ్చేసింది. “ఇదేంటే ఇలా అయిపోయావు! కూర్చో, కూర్చో” అని అరుగు మీద తనే చాప పరిచింది. ఆమెకీ జుట్టు నెరిసింది. కూర్మమ్మ కూర్చుని, ఊపిరి తీసుకుని, రెండు చేతులూ జోడించింది.

“అమ్మా, ఇన్నేళ్ళలో మిమ్మల్నేటీ అడగనేదు. ఇది నా కోడలు. ఈదిలోకొచ్చినపుడు దీన్ని మీ దొడ్లోకెల్లనివ్వండి. కడిగేసే వస్తాది. నా గతి దీనికి పట్టకుండా సూడండి.”

“ఓసి పిచ్చిదానా, దానికి దండాలెందుకు! ఆ పక్క సందులోంచి వెళ్ళమ్మా, పెరట్లో ఉంది” అని ధనలక్ష్మి హేమని పంపించింది. పంపించి, కూర్మమ్మ పక్కనే చతికిలబడి, మందలిస్తున్నట్టుగా అంది. “అయినా ఇన్నేళ్ళు నా గుమ్మంలోకొచ్చావు, నువ్వెప్పుడూ ఒక్కసారైనా అడగలేదేం? అడిగితే నేను కాదంటానా?”

కూర్మమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఎంత వెతికినా అక్కడ కపటం కనిపించలేదు. నిజంగానే ఆమెకి జ్ఞాపకం లేదు. ఏదో ఆ పూటకి నోటికొచ్చిన అబద్ధం, ఆ సాయంత్రానికే మరిచిపోయి ఉంటుంది. కూర్మమ్మకి ఈమెని ఈ అరుగు మీదే నిలదీసి కడిగెయ్యాలనిపించింది. పెరట్లో హేమ చెంబు ముంచుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఇప్పుడు నోరు జారితే ఈమె సిగ్గుపడుతుంది. సిగ్గుపడిన మనిషి రేపటినుంచి తలుపు తియ్యదు.

“నాకెప్పుడూ అవసరం రానేదమ్మా” అంది కూర్మమ్మ.

ధనలక్ష్మి లోపలికి వెళ్ళి చెంబు నిండా చల్లటి నీళ్ళు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. చెంబు చుట్టూ చెమట పట్టి ఉంది. కూర్మమ్మ దాన్ని రెండు చేతులా కాసేపు పట్టుకుని, పెరట్లోంచి వచ్చిన కోడలికి అందించింది.

“తాగు.”

హేమ సగం తాగి ఆగింది.

“అంతా తాగీయే” అని కసిరింది కూర్మమ్మ. ఆ పిల్ల తలెత్తి తాగుతూ ఉంటే, ఆమె గుటక వేసినప్పుడల్లా తనూ ఒక వట్టి గుటక మింగుతూ, చెంబు ఖాళీ అయ్యేదాకా చూస్తూ కూర్చుంది.