బోర్డు మూలన నా పేరు

సూర్యాపేట నుంచి రోజూ మిర్యాలగూడ వెళ్లి పాఠాలు చెప్పే మా కోడలికి ఫోనుకు ముఖం చూపిస్తే గానీ హాజరు పడదట, మొన్న బస్సు తప్పి పది నిమిషాలు ఆలస్యమైనందుకు ఇంటికొచ్చాక కూడా ముఖం మాడ్చుకుని కూర్చుంది. ఊరడించబోయి నాకే నవ్వొచ్చింది, ఎందుకంటే ఒకప్పుడు నా ఆలస్యాన్ని పట్టుకున్నది ఫోను కాదు, నాలుగో తరగతి పిల్ల.

అప్పుడు నాకు కొత్తగా ఉద్యోగం వచ్చి, చివ్వెంల దగ్గరి ఒక పల్లె బడికి బస్సులో వెళ్లి వస్తుండేవాణ్ణి. ఆ రోజుల్లో పంతుళ్లుగా చేసినవాళ్లకు ఆ బస్సుల సంగతి చెప్పనక్కర్లేదు, అవి వచ్చినప్పుడే వేళ. పిల్లలను తీర్చిదిద్దాలన్న ఉబలాటం కొద్దీ నేనొక నియమం పెట్టాను. ఎవరు ఆలస్యంగా వచ్చినా బోర్డు మూలన పేరు ఎక్కాలి, వాళ్లు బోరింగు కొట్టి అయిదు బకెట్ల నీళ్లు కానుగ మొక్కలకు పోయాలి. పేర్లు రాసే పని నాలుగో తరగతిలోని గొర్లు మేపే ఇంటి పిల్లకు అప్పగించాను. మందలో ఒక్క గొర్రె తగ్గినా కనిపెట్టే ఇంటి పిల్ల కదా, ఎవరినీ వదిలేది కాదు.

ఒకరోజు దారిలో బస్సు టైరు పంచరై, నేను చెమటలు కక్కుతూ వెళ్లేసరికి బోర్డు మూలన 'సారు' అని రాసి ఉంది. ముప్పై మంది పిల్లలు నావైపే చూస్తున్నారు, గుమ్మంలో పెద్దసారు నిలబడ్డారు. నాకు సిగ్గేసింది, ఆ వెనకే కోపమూ వచ్చింది. చాక్‌పీసు పట్టుకున్న ఆ పిల్ల రెండో చేత్తో డస్టరు అందుకుంది.

"లేటుగ ఎవ్వరొచ్చినా పేరు రాయమంటిరి గద సార్. తుడువుమంటే తుడుస్త," అంది.

తుడిచెయ్యమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తుడిపిస్తే, నియమాలన్నీ చిన్నవాళ్లకేనని ఆ పిల్లకు నేనే నేర్పినట్టవుతుందని తోచి, ప్యాంటు మడిచి బోరింగు దగ్గరికి నడిచాను. మూడో బకెట్టుకే నడుం పట్టేసి, మిగతావి ఎగ్గొట్టి లోపలికి రాబోతే, "ఇంక రెండున్నయ్ సార్" అని కిటికీలోంచి ఆ పిల్ల గొంతే వినిపించింది, పెద్దసారుతో సహా అందరూ పగలబడి నవ్వారు. వారం తిరగకముందే, కోదాడ నుంచి వచ్చే ఆ పెద్దసారే ఆలస్యమై, ఎవరూ చెప్పకుండానే బకెట్టు అందుకున్నారు. ఆ తరవాత పిల్లలు ఆలస్యమైతే చాక్‌పీసు అడిగి తమ పేరు తామే రాసుకునేవారు. నేను చెప్పిన నీతికథల్లో ఒక్కటైనా అంత పని చేసిందని అనుకోను.

ఇప్పుడు కోడలి ఫోను నిమిషాలతో సహా ఆలస్యాన్ని పట్టుకుంటుంది, కానీ ఆమె క్లాసు పిల్లలకు ఆ సంగతి తెలియనే తెలియదు. నేనైతే రిటైరయ్యాక ఏ వేళకు లేచినా, ఎక్కడికి ఎంత ఆలస్యంగా వెళ్లినా అడిగేవాళ్లు లేరు. హాయిగానే ఉంది గానీ, బోర్డు మూలన నా పేరు రాసి నాకోసం ఎదురుచూసే పిల్ల ఒకతె ఉంటే బాగుండునని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.